బాబాయ్ చిట్టా, నా డాష్‌బోర్డు

సోమవారం పొద్దున్న పదిన్నరకి ఫోన్ మోగిందంటే అది రాజమండ్రి నుంచి బాబాయే. "అమ్మడూ, పోయిన వారం ఎంత పెట్టాం? ఎంతొచ్చింది?" అని రెండే ముక్కలు అడుగుతారు. ఆ రెండు ముక్కలకి జవాబు సిద్ధం చేసుకోవడానికి ఆదివారం రాత్రి నాకు రెండు గంటలు పట్టేది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ చూపించే మెటా యాడ్స్ మేనేజర్ తెరిచి ఒక స్క్రీన్‌షాట్, గూగుల్ యాడ్స్ తెరిచి ఇంకోటి, వెబ్‌సైట్ ఆర్డర్ల పేజీ ఒకటి. అన్నీ ఎక్సెల్లోకి ఎక్కించి, కూడి, మళ్ళీ వాట్సాప్‌లో బాబాయ్‌కి అర్థమయ్యేలా రాసి పంపడం. ఏదో ఒక వారం ఒక అంకె తప్పు కొట్టేదాన్ని. ఆయన అది తప్పకుండా పట్టుకునేవారు.

బాబాయ్, పిన్నిలది పచ్చళ్ళ వ్యాపారం. వేసవిలో ఆవకాయ, మాగాయ. ఏడాది పొడుగునా గోంగూర, పండుమిరప, చికెన్, రొయ్యలు. నేను హైదరాబాద్‌లో కొండాపూర్ దగ్గర ఒక డిజిటల్ మార్కెటింగ్ కంపెనీలో పనిచేస్తాను. 2024 వేసవిలో వాళ్ళు వెబ్‌సైట్ పెట్టినప్పుడు "యాడ్స్ సంగతి నువ్వు చూడు" అన్నారు. జీతం అడగలేదు, ఆవకాయ అడిగాను.

ఆఫీసులో క్లయింట్లకి చేసేది ఇదే పని కాబట్టి డాష్‌బోర్డు, అంటే అంకెలన్నీ ఒక్కచోట కనపడే పేజీ, కట్టడం నాకు పెద్ద సంగతి కాదనుకున్నాను. అలాంటి పేజీలు కట్టే గూగుల్ వాళ్ళ లుకర్ స్టూడియో ఉచితంగా దొరుకుతుంది. 2022 అక్టోబరు దాకా దాని పేరు డేటా స్టూడియో, ఇప్పటికీ మా ఆఫీసులో సగం మంది ఆ పేరుతోనే పిలుస్తారు. గూగుల్ యాడ్స్, జీఏ4 (వెబ్‌సైట్‌కి ఎవరొచ్చారో, ఏం కొన్నారో లెక్కపెట్టే గూగుల్ ఎనలిటిక్స్), గూగుల్ షీట్ దానికి నేరుగా తగులుకుంటాయి. మెటా యాడ్స్ తగులుకోదు, దానికి వేరేవాళ్ళు అమ్మే కనెక్టర్ నెలనెలా డబ్బు కట్టి తీసుకోవాలి. పచ్చళ్ళ కొట్టుకి అంత ఎందుకని, సోమవారం పొద్దున్నే మెటా నుంచి సీఎస్‌వీ, అంటే అంకెల పట్టిక ఫైలు, దింపి షీట్‌లో అతికించే పద్ధతి పెట్టుకున్నాను. ఇప్పటికీ అదే.

మొదటి డాష్‌బోర్డు ఒక శనివారం మొత్తం కూర్చుని కట్టాను. ఇరవై రెండు చార్టులు. ఏ ఊరి నుంచి ఎంత మంది, ఏ వయసువాళ్ళు, మొబైలా కంప్యూటరా, ఇంప్రెషన్లు (యాడ్ ఎన్నిసార్లు కనపడింది), రీచ్ (ఎంత మందికి కనపడింది), క్లిక్ రేటు (అందులో ఎంత శాతం నొక్కారు), గుండ్రటి చక్రాలు, మెట్లమెట్లుగా గీతలు. లింకు బాబాయ్‌కి పంపాను. ఆయన ఫోన్‌లో తెరిచారు. నేను కంప్యూటర్ తెర వెడల్పుకి కట్టినదంతా ఆ ఫోన్‌లో చీమల బారులా కనపడింది. పక్కనుంచి పిన్ని తొంగి చూసి "బాగుందే, సంక్రాంతి ముగ్గులా ఉంది" అంది. బాబాయ్ కాసేపు వేలితో పైకీ కిందకీ జరిపి, "అంతా బానే ఉంది గానీ, ఎంత పెట్టాం, ఎంతొచ్చింది?" అన్నారు.

ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. ఆఫీసులో ఎవరూ అలా అడగరు. అక్కడ పచ్చ బాణాలు పైకి చూపిస్తే చాలు, మీటింగ్ అయిపోతుంది.

సరే అని ఆ ఇరవై రెండూ పక్కన పెట్టి, పైన మూడే అంకెలు పెట్టాను. ఖర్చు, ఆర్డర్లు, అమ్మకం. అసలు కథ అక్కడ మొదలైంది, ఎందుకంటే ఆ మూడింటినీ బాబాయ్ తన చిట్టాతో పోల్చడం మొదలుపెట్టారు. ఎర్ర అట్ట పుస్తకం అది. వచ్చిన ప్రతి ఆర్డరూ అందులో చేత్తో రాస్తారు. సీసాల లెక్క, కొరియర్ లెక్క, నూనె డబ్బాల లెక్క, అన్నీ అందులోనే.

ఖర్చులోనే తేడా వచ్చింది. డాష్‌బోర్డులో పది వేలు చూపిస్తే బ్యాంకులోంచి పదకొండు వేల ఎనిమిది వందలు పోయింది. నేను కంగారుపడ్డాను. బాబాయ్ మాత్రం ఒక్క క్షణం చూసి "పద్దెనిమిది శాతం తేడా అమ్మా, జీఎస్టీ" అన్నారు. యాడ్ ప్లాట్‌ఫారాలు చూపించే ఖర్చులో పన్ను కలవదు, డబ్బు కట్టేటప్పుడు కలుస్తుంది. ఆ తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్ కింద మేం కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకుంటామనుకోండి, కానీ ఆ వారానికి జేబులోంచి పోయింది పోయిందే. ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్న నాకు అది ఎప్పుడూ తట్టలేదు. క్లయింట్ల డబ్బు నా జేబులోంచి పోదు కదా.

తర్వాత ఆర్డర్లు. ఒక వారం మెటా తను 61 ఆర్డర్లు తెచ్చానంది. గూగుల్ యాడ్స్ 38 తెచ్చానంది. జీఏ4 మొత్తం మీద 74 చూపించింది. చిట్టాలో వెబ్‌సైట్ ఆర్డర్లు 79. బాబాయ్ 61కీ 38కీ కూడిక వేసి "తొంభై తొమ్మిది తెచ్చామని వీళ్ళంటున్నారు, నేను కట్టిన పార్సిళ్ళు డెబ్భై తొమ్మిది. మిగతా ఇరవై ఎవరు తిన్నారు?" అన్నారు.

ఇది మాకు వృత్తిలో రోజూ ఎదురయ్యే ప్రశ్నే. ఒకావిడ ఇన్‌స్టాగ్రామ్‌లో మన రీల్ యాడ్ నొక్కి చూసి వదిలేస్తుంది. రెండు రోజుల తర్వాత గూగుల్‌లో వెతికి, అక్కడి యాడ్ నొక్కి కొంటుంది. మా సెట్టింగులో మెటా క్లిక్ తర్వాత ఏడు రోజుల దాకా, యాడ్ కేవలం కనపడితే ఒక రోజు దాకా ఆ అమ్మకం తనదే అంటుంది. గూగుల్ యాడ్స్‌లో మాకు క్లిక్ తర్వాత ముప్ఫై రోజులు. ఒకే సీసాని ఇద్దరూ తమ ఖాతాలో రాసుకుంటారు. వాళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, ఒకరి పుస్తకం ఇంకొకరు చూడరంతే. జీఏ4 తక్కువ చూపించడానికి కారణం వేరు. బ్రౌజర్లో ట్రాకింగ్ అడ్డుకునేవాళ్ళుంటారు, పేమెంట్ అయ్యాక ధన్యవాదాల పేజీ తెరుచుకునేలోపే ఫోన్ పక్కన పడేసేవాళ్ళుంటారు.

ఇదంతా బాబాయ్‌కి ఫోన్‌లో చెప్పాను. ఆయన విని, "పెళ్ళి సంబంధం కుదిరితే పది మంది నేనే కుదిర్చానంటారు, అలాగన్నమాట" అన్నారు. నా ఆఫీసు ప్రెజెంటేషన్‌లో పదిహేను స్లైడుల్లో చెప్పే విషయం ఇదే.

అందుకని డాష్‌బోర్డులో ఒక నియమం పెట్టుకున్నాను. ఆర్డర్లు, అమ్మకం అన్న అంకెలు చిట్టా నుంచే రావాలి, ప్లాట్‌ఫారాల నుంచి కాదు. మెటా, గూగుల్ చెప్పేవి కింద చిన్న అక్షరాల్లో, "వాళ్ళ లెక్క" అన్న పేరుతో. వారం వారం వాళ్ళ లెక్క పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూడ్డానికి పనికొస్తుంది. కూడ్డానికి పనికిరాదు.

చిట్టాని షీట్‌లోకి తేవడం ఎలా అన్నది ఇంకో తలనొప్పి. బాబాయ్ షీట్‌లో రాయనన్నారు. చివరికి ప్యాకింగ్ చూసే అమ్మాయి సాయంత్రం పూట ఆ రోజు పేజీ చూసి ఫోన్‌లోనే షీట్‌లో ఎక్కించేలా కుదిరింది. తేదీ, రకం, ఎంత, వెబ్‌సైటా వాట్సాపా, డబ్బు ముందే కట్టారా లేక సీఓడీయా, అంటే పార్సిల్ అందాక కడతారా. చివర ఒక గడి, "ఎలా తెలిసింది?" అని. వాట్సాప్, ఫోన్ ఆర్డర్లు దాదాపు సగం ఉంటాయి మాకు, వాటి జాడ జీఏ4కి తెలియదు. కాబట్టి అడగడం ఒక్కటే దారి.

మొదటి నెల ఆ గడి తెరిచి చూస్తే నవ్వాగలేదు. "అక్క చెప్పింది", "వాళ్ళక్క", "పెళ్ళిలో తిన్నారంట", "మన వీధి", "ఫోన్లో చూశారు", "తెలీదన్నారు", ఒకచోట ఉత్తినే "మంచావిడ". దాన్ని చార్టు చేస్తే ఎన్ని ఆర్డర్లో అన్ని ముక్కల చక్రం వస్తుంది. ఇక షీట్‌లో డ్రాప్‌డౌన్ పెట్టి ఐదే మాటలు ఇచ్చాను. చుట్టాలు, ఇన్‌స్టా, గూగుల్, పాత కస్టమర్, తెలీదు. "మంచావిడ" పోయినందుకు కొంచెం బాధే.

అయితే ఆ గడి నుంచి బయటపడిన సంగతి మాత్రం నన్ను కూర్చోబెట్టింది. వాట్సాప్ ఆర్డర్లలో అన్నిటికన్నా పెద్ద ముక్క చుట్టాలు. జులైలో అమ్మకం ఒక్కసారి లేస్తే అది నా కొత్త రీల్ యాడ్ చలవే అనుకుని ఆఫీసులో కూడా చెప్పుకున్నాను. తీరా చూస్తే ఆగస్టులో అమెరికాలో చదువు మొదలయ్యే పిల్లల అమ్మలు. ఒక తల్లి కొంటే, అదే కాలేజీకి వెళ్ళే ఇంకో పిల్లాడి తల్లికి నంబరిస్తుంది. సూట్‌కేసు బరువు చూసుకుని అరకిలో, కిలో ప్యాకెట్లు అడుగుతారు, సీసాలు వద్దంటారు. నా యాడ్ అప్పుడు నడుస్తోంది, అంతే దాని గొప్ప.

తప్పులన్నీ బయటివాళ్ళవి కావు, నావి కూడా చెప్పాలి. ఆదివారాల అమ్మకం తక్కువగా, శనివారాలది ఎక్కువగా కనిపించేది జీఏ4లో. బాబాయ్ "ఆదివారం పొద్దున్నే కదమ్మా ఎక్కువ వచ్చేది" అంటే, జనం ఆదివారం బయటికి వెళ్తారేమో అని ఏదో సిద్ధాంతం చెప్పాను. తర్వాత తెలిసింది, జీఏ4 ప్రాపర్టీ తెరిచినప్పుడు టైమ్ జోన్ మార్చడం మర్చిపోయాను, అది లాస్ ఏంజెలిస్ టైములో ఉంది. వేసవిలో మన మధ్యాహ్నం పన్నెండున్నరకి గానీ అక్కడ తేదీ మారదు. రాజమండ్రిలో ఆదివారం పొద్దున్న టిఫిన్ చేసి ఆర్డర్ పెట్టినవాళ్ళందరూ అక్కడ శనివారం రాత్రి కొన్నట్టు పడ్డారు. టైమ్ జోన్ మార్చాను, కానీ మార్చిన దగ్గర్నుంచే వర్తిస్తుంది, పాత నెలలు అలాగే ఉండిపోయాయి. నా సిద్ధాంతం గురించి బాబాయ్ మళ్ళీ ఎత్తలేదు. పెద్దమనిషి.

ఇంకోసారి అమ్మకం ఐదింతలైంది. యాడ్ ఖర్చు ఒక పట్టిక, చిట్టా అమ్మకం ఒక పట్టిక. రెండింటినీ లుకర్ స్టూడియోలో బ్లెండ్ చేసి తేదీతో ముడేశాను. ఖర్చు పట్టికలో ఒక్కో తేదీకి ఐదు క్యాంపెయిన్లు, ఐదు వరుసలు. అమ్మకం పట్టికలో తేదీకి ఒకటే వరుస. ముడేస్తే ఆ ఒక్క రోజు అమ్మకం ఐదు క్యాంపెయిన్ల పక్కనా ఐదుసార్లు వచ్చి కూర్చుంది. చివర మొత్తం కూడేసరికి మేం గోదావరి జిల్లాల్లో కెల్లా పెద్ద పచ్చళ్ళ కంపెనీ అయిపోయాం. బాబాయ్ ఫోన్ చేసి "అమ్మడూ, ఇంత సొమ్ము ఎక్కడ దాచావు?" అన్నారు. ముందు ఖర్చుని కూడా రోజుకి ఒక వరుసగా కూడేసి, ఆ తర్వాత కలపాలి. క్లిక్ రేటు విషయంలోనూ ఇలాంటిదే చేశాను, ఒక్కో యాడ్ శాతాన్నీ తీసుకుని సగటు కట్టడం. మొత్తం క్లిక్కుల్ని మొత్తం ఇంప్రెషన్లతో భాగిస్తేనే సరైన శాతం. యాభై మంది చూసిన యాడ్‌కీ, యాభై వేల మంది చూసిన యాడ్‌కీ ఒకే ఓటు ఇవ్వకూడదు.

లింకుల పేర్లు కూడా ఇలాగే ఏడిపించాయి. జనం ఎక్కడ్నుంచి వచ్చారో తెలియడానికి లింకు చివర తగిలించే యూటీఎం ట్యాగులో పెద్ద ఐతో రాసిన ఇన్‌స్టాగ్రామ్, చిన్న ఐతో రాసిన ఇన్‌స్టాగ్రామ్ జీఏ4కి రెండు వేర్వేరు ఊళ్ళు. నేను ఒకలా, పోస్టర్లు చేసే కుర్రాడు ఒకలా రాసేవాళ్ళం. అన్నీ చిన్న అక్షరాల్లోనే అని గోడ మీద రాసినంత పని చేశాను.

బాబాయ్‌ని అన్నిటికన్నా ఎక్కువ విసిగించింది మాత్రం పోయిన వారం అంకె మారిపోవడం. సోమవారం పంపిన రిపోర్టులో గూగుల్ యాడ్స్ లెక్క 38. తర్వాతి సోమవారం అదే పాత వారానికి చూస్తే 43. ఎందుకంటే గూగుల్ యాడ్స్ ఆ అమ్మకాన్ని కొన్న రోజు కింద కాదు, యాడ్ నొక్కిన రోజు కింద రాస్తుంది. పోయిన వారం నొక్కి ఈ వారం కొన్నవాళ్ళు వెనక్కి వెళ్ళి పాత వారంలో చేరతారు. జీఏ4 కూడా ఒకటి రెండు రోజుల దాకా అంకెలు సర్దుకుంటూనే ఉంటుంది. "మూసిన పద్దు మళ్ళీ తెరుస్తారా ఎక్కడైనా?" అని బాబాయ్ నిజంగానే కోప్పడ్డారు. ఆయన పుస్తకంలో వారం చివర రెండు గీతలు గీస్తే అంతే సంగతులు. అందుకని షీట్‌లో "పంపినవి" అని ఒక ట్యాబ్ పెట్టాను. సోమవారం పంపిన అంకెలు అక్కడ మామూలు అంకెలుగా అతికించేస్తాను, ఫార్ములాలు ఉండవు. తర్వాత ఎవరెంత మారినా అవి మారవు. మారిన తేడా పక్కన చూపిస్తాను. ఆ ట్యాబ్ పెట్టాకే ఆయనకి డాష్‌బోర్డు మీద గురి కుదిరింది.

ఇక రోయాస్. యాడ్ మీద పెట్టిన రూపాయికి ఎన్ని రూపాయల అమ్మకం వచ్చిందన్నది. ఒక ఇన్‌స్టా క్యాంపెయిన్, ఇరవై శాతం తగ్గింపుతో నడిపింది, నాలుగు దాటింది. నేను ఎగిరి గంతేశాను. బాబాయ్ పెన్సిల్ తీశారు. "కాయ, కారం, నూనె, సీసా, అట్టపెట్టె, కొరియరు పోను రూపాయికి నలభై పైసలు మిగుల్తాయి మామూలుగా. అంటే యాడ్‌కి రూపాయి పెడితే రెండున్నర రావాలి, అక్కడికి సరికి సరి. తగ్గింపిచ్చాం కాబట్టి ఇంకా ఎక్కువ రావాలి. సరే, నాలుగొచ్చింది, బానే ఉంది. తిరిగొచ్చినవి తీశావా?"

తీయలేదు. ఆ క్యాంపెయిన్ నుంచి వచ్చిన నలభై సీఓడీ ఆర్డర్లలో పదకొండు వెనక్కి వచ్చాయి. ఇంట్లో లేరని, వద్దన్నారని, ఫోనెత్తలేదని. బట్టలైతే మళ్ళీ అమ్ముకోవచ్చు. రానూపోనూ పది రోజులు లారీల్లో దొర్లి, మూత దగ్గర నూనె కారిన పచ్చడి సీసాని ఎవరికి అమ్ముతాం? సరుకు పోయింది, రెండువైపులా కొరియర్ ఖర్చూ పోయింది. అవన్నీ తీసేస్తే ఆ గొప్ప క్యాంపెయిన్ రెండు దగ్గరికి వచ్చింది. చప్పగా ఉండే గూగుల్ సెర్చ్ క్యాంపెయిన్, రోయాస్ మూడే ఉన్నది, నిలబడింది. పేరు పెట్టి వెతుక్కుని వచ్చినవాళ్ళు వెనక్కి పంపరు.

అప్పుడు నాలుగో అంకె వచ్చి చేరింది, "తిరిగొచ్చినవి". అందులోనూ ఒక తమాషా. లుకర్ స్టూడియోలో పోయిన వారంతో పోల్చి బాణం చూపిస్తే, పెరిగితే పచ్చ, తగ్గితే ఎరుపు అని మామూలుగా ఉంటుంది. తిరిగొచ్చిన పార్సిళ్ళు నాలుగు నుంచి తొమ్మిదికి పెరిగితే పక్కనే నిగనిగలాడుతూ పచ్చ బాణం. "పచ్చగా ఉందిగా, మంచిదేనా?" అన్నారు బాబాయ్. రంగులు తిప్పేశాను. అదే సమయంలో సీఓడీకి ముందుగా వంద రూపాయలు యూపీఐ చేయాలని, పార్సిల్ కట్టేముందు ఒకసారి ఫోన్ చేయాలని వాళ్ళు నిర్ణయించుకున్నారు. ఆర్డర్లు కొన్ని తగ్గాయి. తిరిగొచ్చేవి బాగా తగ్గాయి.

2025 అక్టోబరు ఆఖరి వారం. అప్పటికి గత ఏడాదితో పోలిక కూడా పెట్టాను డాష్‌బోర్డులో. చికెన్, రొయ్యల పచ్చళ్ళు గత ఏడాది ఇవే తేదీలతో పోలిస్తే సగానికి పడిపోయాయి. ఆదివారం రాత్రి పదకొండింటికి చూశాను అది. యాడ్ పాతబడి జనానికి మొహం మొత్తిందనుకున్నాను. పాత రొయ్యల వీడియో ఆపి కొత్తది పెట్టాను, రోజు బడ్జెట్ మూడు వందలు పెంచాను, యాడ్ నొక్కితే తెరుచుకునే ల్యాండింగ్ పేజీ స్పీడు చూశాను, చెక్ అవుట్ ఏమైనా పాడైందేమోనని నేనే ఒక ఆర్డర్ పెట్టి చూశాను. ఒంటిగంటన్నరకి పడుకున్నాను. పొద్దున్న బాబాయ్ నుంచి ఫోన్ రాకముందే నేనే చేసి, చాలా సీరియస్‌గా విషయం చెప్పాను.

ఆయన విన్నారు. "కార్తీకం కదమ్మా" అన్నారు.

వెనకాల పిన్ని "ఏంటంట?" అనడం, ఆయన చెప్పడం, పిన్ని నవ్వు, అన్నీ వినపడుతున్నాయి నాకు. 2024లో కార్తీక మాసం నవంబరు 2న మొదలైంది. 2025లో అక్టోబరు 22నే వచ్చేసింది. 2024 అక్టోబరు ఆఖర్లో జనం రొయ్యలు తింటున్నారు, 2025లో అదే తేదీకి ఉపవాసాలున్నారు. తర్వాత అయ్యప్ప మాలలు వేసుకునేవాళ్ళు ఎలాగూ ఉంటారు. డాష్‌బోర్డులో "గత ఏడాదితో పోల్చు" అన్న మీటకి తిథులు తెలియవు. మూడు వందలు చొప్పున పెంచిన బడ్జెట్ ఆ క్షణమే దించి, దాన్ని ఉసిరికాయ పచ్చడి మీదకి తిప్పాను.

అప్పట్నుంచి షీట్‌లో "పండగలు" అని ఇంకో ట్యాబ్ ఉంది. పిన్ని క్యాలెండర్ చూసి ఫోన్‌లో చెప్తుంది, నేను రాసుకుంటాను. శ్రావణం, కార్తీకం, సంక్రాంతి, మూఢాలు కూడా. మూఢాలెందుకంటే పెళ్ళిళ్ళ ఆర్డర్లు ఆగిపోతాయి కాబట్టి. చార్టులో ఆ రోజుల వెనక లేత పసుపు నీడ పడేలా చేశాను. ఆఫీసులో ఒక బంగారం కొట్టు క్లయింట్‌కి కూడా అదే పెట్టి చూపించాను. ఆ మీటింగులో వాళ్ళు మెచ్చుకున్నది అదొక్కటే.

ఇప్పుడు డాష్‌బోర్డు ఫోన్ తెర నిలువుకి సరిపోయేలా ఒకే పేజీ. ఖర్చు జీఎస్టీతో కలిపి, అమ్మకం, తిరిగొచ్చినవి, మిగిలింది. కింద ఒక గీత, దాని వెనక పసుపు నీడలు. ఇంకా కింద, ఎవరూ చూడని "వాళ్ళ లెక్క". సోమవారం ఎనిమిదింటికి దానంతట అదే పీడీఎఫ్ అయి మెయిల్‌కి వెళ్ళేలా పెట్టాను కానీ బాబాయ్ మెయిల్ చూడరు. కాబట్టి ఎనిమిదిన్నరకి నేనే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపుతాను. మొదలుపెట్టిన చోటికే వచ్చాను. అయితే రెండు గంటలు పట్టేది పది నిమిషాలకి వచ్చింది, అందులో ఏడు నిమిషాలు మెటా సీఎస్‌వీదే.

పోయిన సోమవారం పంపిన కాసేపటికే ఫోన్ వచ్చింది. "అమ్మడూ, నీ లెక్కకీ నా చిట్టాకీ ఒక సీసా తేడా ఉంది. శుక్రవారం మాగాయ, అరకిలో. నీ దాంట్లో ఉంది, నా దాంట్లో లేదు."

షీట్ తెరిచాను. నిజమే, ప్యాకింగ్ అమ్మాయి ఎక్కించింది, కొరియర్ నంబర్ కూడా ఉంది, డబ్బు గడి ఖాళీ. "ఎలా తెలిసింది?" దగ్గర "చుట్టాలు". ఫార్ములా తప్పేమో, రెండుసార్లు పడిందేమో అని నేను వరుసలు వెతుకుతుంటే, అవతల పిన్ని ఫోన్ లాక్కుంది.

"అది అక్కయ్యకి పంపానే. మీ అమ్మకి పంపిన మాగాయకి కూడా పద్దు రాయమంటావా ఏంటి?"